గుండెకు బలమిచ్చే మందు లయ తప్పిస్తే



ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో గానీ, బంధువుల ఇంట్లో గానీ గుండె జబ్బుకు మందులు వాడే పెద్దవారు ఉంటే, వారి మందుల డబ్బా ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొద్దున రెండు బిళ్లలు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి మరో రెండు. ఒకటి నీరు తీసేది, ఒకటి బి.పి. బిళ్ల అని అందరూ అనేది, ఒకటి వారంలో అయిదు రోజులే వేసుకోమని డాక్టరు రాసినది. మూడు నెలలకోసారి రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ చూపించుకు రమ్మంటారు. "గుండె జబ్బుకు పొటాషియం పరీక్ష ఎందుకండీ?" అని తాతగారు విసుక్కుంటారు. ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి మన పాఠం.

ముందుగా గుండె వైఫల్యం, అంటే హార్ట్ ఫెయిల్యూర్, అనే మాటను సరిగ్గా అర్థం చేసుకుందాం. పేరు వినగానే గుండె ఆగిపోయిందేమో అని చాలామంది భయపడతారు. అది కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపు చేయలేకపోవడం, లేదా లోపల పీడనం పెరిగితే తప్ప పంపు చేయలేకపోవడం, ఇదీ గుండె వైఫల్యం. దానివల్ల కాళ్లకు నీరు పడుతుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. ఈ రోగులు మరణించేది రెండు దారుల్లో. కొందరిలో పంపు క్రమంగా బలహీనపడి ఆగుతుంది. మరికొందరిలో, అప్పటిదాకా బాగానే ఉన్న మనిషిలో, గుండె లయ ఒక్కసారిగా చెదిరి నిమిషాల్లో ప్రాణం పోతుంది. మందు మొదటి దారిని మూసే ప్రయత్నంలో రెండో దారిని తెరవకూడదు. ఈ రంగంలో గత యాభై ఏళ్ల చిక్కంతా ఇక్కడే ఉంది.

లయ ఎక్కడి నుంచి వస్తుందో మీరు ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో చదివారు. కుడి కర్ణికలో ఉన్న సిరాకర్ణికా కణుపు నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ ప్రచోదనాన్ని పుట్టిస్తుంది. అది కర్ణికలలో వ్యాపించి, కర్ణికాజఠరికా కణుపు దగ్గర కాస్త ఆగి, అక్కడి నుంచి హిస్ కట్ట ద్వారా జఠరికలకు చేరుతుంది. అయితే ఈ విద్యుత్తు మన ఇంటి తీగల్లో పారే ఎలక్ట్రాన్ల ప్రవాహం లాంటిది కాదు. ఇది అయాన్ల రాకపోకలు. సోడియం అయాన్లు కణంలోకి దూసుకువస్తే కణం ఉత్తేజితమవుతుంది. కాల్షియం లోపలికి వస్తే సంకోచిస్తుంది. పొటాషియం బయటికి వెళితే మళ్లీ విశ్రాంతి స్థితికి వస్తుంది. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. ఎంత ఇరుకు హద్దులో చూడండి. సంకోచానికీ లయకూ పనిచేసేవి ఇవే అయాన్లు. కాబట్టి సంకోచాన్ని మార్చాలని ఇచ్చిన మందు లయను కూడా తాకుతుంది. రెండింటికీ మధ్య గోడ లేదు.

ఆరోగ్యంగా ఉన్న గుండె ఇలాంటి తాకిడిని తట్టుకుంటుంది. బలహీనపడిన గుండె సంగతి వేరు. దాని గోడలు సాగి ఉంటాయి. చనిపోయిన కండర కణాల స్థానంలో నార కణజాలం ఏర్పడి, విద్యుత్ తరంగం నేరుగా పోలేక చుట్టూ తిరిగి పోవలసి వస్తుంది. పొటాషియంను బయటికి పంపే మార్గాలు తగ్గడం వల్ల ప్రతి కణం విశ్రాంతి స్థితికి రావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఎడ్రినలిన్ వంటి హార్మోన్లు రాత్రింబవళ్లు కొరడా ఝళిపిస్తూనే ఉంటాయి. పైగా గుండె పంపే రక్తం తగ్గితే మూత్రపిండాలకు అందే రక్తమూ తగ్గుతుంది. అందుచేత మందు శరీరం నుంచి సరిగ్గా బయటికి పోదు. నిన్నటిదాకా సరిపోయిన మోతాదు ఈరోజు ఎక్కువ కావచ్చు.

ఇక మందుల దగ్గరికి వద్దాం. అన్నింటికన్నా పాతదీ, పాఠానికి అన్నింటికన్నా పనికివచ్చేదీ డిజాక్సిన్. అందుకని దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే వైద్యుడు, ఒంటికి నీరు పట్టే జబ్బుకు ఒక నాటు వైద్యురాలు ఇచ్చే మూలికల మిశ్రమాన్ని పరిశీలించాడు. ఇరవైకి పైగా ఉన్న ఆ మూలికల్లో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే ఊదారంగు పూల మొక్క ఒక్కటేనని గుర్తించాడు. దాని శాస్త్రీయ నామం డిజిటాలిస్ పర్‌ప్యూరియా. పదేళ్లపాటు రోగులకు ఇచ్చి చూసి 1785లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకంలో నాకు నచ్చేది ఏమిటంటే, మందు గొప్పతనంతో పాటు దాని చెడునూ ఆయన దాచలేదు. ఎక్కువైతే వాంతులు అవుతాయని, వస్తువులు పచ్చగా, ఆకుపచ్చగా కనిపిస్తాయని, నాడి నిమిషానికి 35కు పడిపోవచ్చని అప్పుడే రాశాడు. ఇ.సి.జి. పుట్టడానికి వంద సంవత్సరాల ముందు, చేతివేళ్లతో నాడి పట్టుకుని కనుక్కున్న విషయమిది. 1930లో సిడ్నీ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త ఇదే జాతికి చెందిన డిజిటాలిస్ లనేటా నుంచి శుద్ధమైన డిజాక్సిన్‌ను వేరుచేశాడు. ఇప్పటి బిళ్లలో ఉండేది అదే.

అది ఎలా పనిచేస్తుంది? కణత్వచంలో ఒక పంపు ఉంది. శక్తిని ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ పంపును డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీత కాలి నాడుల మీద ప్రయోగాలతో కనుగొన్నాడు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. డిజాక్సిన్ ఈ పంపును పట్టుకుని ఆపుతుంది. పంపు ఆగితే లోపల సోడియం పేరుకుంటుంది. కాల్షియంను బయటికి పంపే మరో ద్వారం సోడియం తేడా మీద ఆధారపడి పనిచేస్తుంది కాబట్టి, అదీ మందగిస్తుంది. కణంలో కాల్షియం మిగిలిపోతుంది. కాల్షియం ఎక్కువైతే సంకోచం బలంగా ఉంటుంది. నీరసించిన గుండెకు ఇది మేలే.

మరి చెడు ఎక్కడి నుంచి వస్తుంది? సరిగ్గా ఇక్కడి నుంచే. కాల్షియం హద్దు మీరితే కణంలోని నిల్వ అర పొంగిపొర్లుతుంది. స్పందన ముగిశాక, గుండె విశ్రాంతిగా ఉండవలసిన క్షణంలో, ఆ కాల్షియం తనంతట తానే బయటికి చిమ్ముతుంది. దాన్ని బయటికి పంపే ప్రయత్నంలో కణంలోకి ధనావేశం వస్తుంది. ఆ చిన్న అల పెద్దదైతే వేళకాని వేళ మరో స్పందన పుడుతుంది. ఒక మామూలు స్పందన, ఒక అకాల స్పందన, మళ్లీ మామూలుది, మళ్లీ అకాలపుది, ఇలా జంటలు జంటలుగా నాడి కొట్టుకుంటే డిజాక్సిన్ ఎక్కువైందేమో అని డాక్టరు మొదట అనుమానిస్తాడు. ఇంకో వైపు ఇదే మందు వేగస్ నాడి ద్వారా కర్ణికాజఠరికా కణుపును నెమ్మదింపజేస్తుంది. అందువల్ల పైన కర్ణికలు వేగంగా కొట్టుకుంటూ, కింద జఠరికలకు ఆ ప్రచోదనాలు చేరని విచిత్ర స్థితి రావచ్చు. ఒకే మందు ఒకచోట తొందరపెట్టి, మరోచోట అడ్డుపడుతుంది.

ఇప్పుడు తాతగారి ప్రశ్న గుర్తు చేసుకోండి. డిజాక్సిన్, పొటాషియం రెండూ ఆ పంపు మీద ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. రక్తంలో పొటాషియం తగ్గితే పోటీ ఉండదు, డిజాక్సిన్ ఎక్కువగా అతుక్కుంటుంది. అంటే బిళ్ల అదే, మోతాదు అదే, కానీ విషలక్షణాలు మొదలవుతాయి. పొటాషియంను తగ్గించేది ఎవరు? డబ్బాలోనే పక్కన ఉన్న, నీరు తీసే ఫ్యూరోసెమైడ్ బిళ్ల. అది మూత్రంతోపాటు పొటాషియంను, మెగ్నీషియంను కూడా పోగొడుతుంది. రెండు బిళ్లలూ వేరువేరుగా మంచివే. రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు పరీక్ష తప్పదు.

రక్తంలో డిజాక్సిన్ మోతాదు మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాముల మధ్య ఉంటే చాలని ఇప్పటి అభిప్రాయం. ఒకప్పుడు 2 వరకూ పర్వాలేదు అనుకునేవారు. ఆ అభిప్రాయం మారడానికి కారణం 1997లో ఫలితాలు ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనం. అమెరికా, కెనడాలలో 6,800 మంది రోగులను సగటున 37 నెలలు గమనించారు. డిజాక్సిన్ వాడినవారిలో మరణాలు 34.8 శాతం, ఉత్తుత్తి బిళ్ల వాడినవారిలో 35.1 శాతం. తేడా లేనట్టే. అయితే గుండె వైఫల్యం ముదిరి ఆసుపత్రిలో చేరడం మాత్రం బాగా తగ్గింది. పంపు బలహీనపడి చనిపోయేవారు కాస్త తగ్గితే, లయ చెదరడం వంటి ఇతర గుండె కారణాలతో చనిపోయేవారు కాస్త పెరిగినట్టు కనిపించింది. అంటే ఒక చేత్తో ఇచ్చినది ఇంకో చేత్తో తీసుకుంది. రక్తంలో 1.2 నానోగ్రాములు, అంతకు పైన ఉన్న పురుషుల్లో మరణాలు ఎక్కువని 2003లో మళ్లీ లెక్కలు తీసినప్పుడు తేలింది.

ఒక పక్క మాట. మన పెరళ్లలో పూచే గన్నేరులో, పచ్చగన్నేరులో ఉండేవి కూడా డిజాక్సిన్ కుటుంబానికి చెందిన పదార్థాలే. దక్షిణ భారతదేశంలో, శ్రీలంకలో పచ్చగన్నేరు విషంతో ఆసుపత్రులకు వచ్చేవారి ఇ.సి.జి. చూస్తే డిజాక్సిన్ ఎక్కువైన రోగి ఇ.సి.జి. లాగే ఉంటుంది. డిజాక్సిన్ విషానికి గొర్రెలలో తయారుచేసిన ప్రతిరక్షకాల ముక్కలు విరుగుడుగా 1976లో తొలిసారి ఒక రోగికి ఇచ్చారు. అవి గన్నేరు విషం మీద కూడా పనిచేస్తాయి, కానీ చాలా ఖరీదు. చిన్నపిల్లలు ఆ కాయలను నోట్లో పెట్టుకుంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలని మీ ఇంట్లో చెప్పండి.

పొటాషియం తగ్గితే ప్రమాదం అన్నాం. పెరిగితే? అదీ ప్రమాదమే. స్పైరనోలాక్టోన్ అనే బిళ్ల నీరు తీస్తుంది కానీ పొటాషియంను పోనివ్వదు. 1999లో వెలువడిన అధ్యయనంలో, తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మందిలో ఈ చవక మందు మరణాలను 30 శాతం తగ్గించింది. ప్రపంచమంతా డాక్టర్లు సంతోషంగా దీన్ని రాయడం మొదలుపెట్టారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆ తర్వాత ఏం జరిగిందో పరిశోధకులు 2004లో లెక్క కట్టారు. రోగుల్లో వెయ్యికి 34గా ఉన్న స్పైరనోలాక్టోన్ చీటీలు 2001 నాటికి 149 అయ్యాయి. పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరేవారు వెయ్యికి 2.4 నుంచి 11కు పెరిగారు. అందువల్ల జరిగిన మరణాలు వెయ్యికి 0.3 నుంచి 2కు చేరాయి.

మందు మారలేదు. మరి ఏం మారింది? అధ్యయనంలో మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిని చేర్చుకోలేదు, రక్త పరీక్షలు క్రమం తప్పకుండా చేశారు. బయట ప్రపంచంలో రోగులు ఇంకా వృద్ధులు, చాలామందికి మధుమేహం, కిడ్నీ జబ్బు, పైగా పొటాషియంను పెంచే ఎసిఇ నిరోధకాలు కూడా వాడుతున్నారు. పరీక్షలు సరిగ్గా జరగలేదు. పొటాషియం 6 దాటితే ఇ.సి.జి.లో టి తరంగం గుడారంలా మొనదేలి లేస్తుంది, పి తరంగం చదునవుతుంది, క్యు.ఆర్.ఎస్. వెడల్పవుతుంది, చివరికి గుండె ఆగవచ్చు. రోగికి మాత్రం ఒక్కోసారి నీరసం తప్ప మరేమీ తెలియదు. అందుకే ఈ బిళ్ల మొదలుపెట్టాక వారానికి ఒకసారి, నెలకు మరోసారి పరీక్ష చేయించమంటారు.

ఇప్పుడు అసలు విచిత్రమైన కథ. గుండెపోటు తర్వాత ఇ.సి.జి.లో అకాల జఠరిక స్పందనలు ఎక్కువగా కనిపించేవారు హఠాత్తుగా మరణించే అవకాశం ఎక్కువ అని 1980ల నాటికి తెలుసు. అయితే ఆ స్పందనలను మందుతో అణిచేస్తే మరణాలు తగ్గుతాయి కదా? మీరైనా ఇలాగే అనుకుంటారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ స్పందనలను చక్కగా అణిచేసేవి. అయినా నిజం తేల్చుకోవాలని అమెరికాలో కాస్ట్ అనే అధ్యయనం మొదలుపెట్టారు. గుండెపోటు వచ్చి, చాలామందిలో గుండె బలం తగ్గిన రోగులు. వారిలో మందుకు అకాల స్పందనలు అణిగినవారినే తీసుకున్నారు. సగంమందికి మందు, సగంమందికి ఉత్తుత్తి బిళ్ల. 1989లో అధ్యయనాన్ని మధ్యలో ఆపవలసి వచ్చింది. సగటున పది నెలల్లో మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి బిళ్ల తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. ఇ.సి.జి. శుభ్రంగా కనిపించింది. మనుషులు మాత్రం బతకలేదు.

కారణం ఏమిటి? ఈ మందులు సోడియం మార్గాలను మూసి తరంగ వేగాన్ని తగ్గిస్తాయి. గుండెలో మచ్చ ఉన్నచోట నెమ్మదించిన తరంగం ఆ మచ్చ చుట్టూ గానుగెద్దులా తిరగడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆ వలయం ఏర్పడితే జఠరికలు నిమిషానికి రెండు వందల సార్లు కొట్టుకోవచ్చు, అక్కడి నుంచి అదురుడులోకి జారవచ్చు. లయకు ఇచ్చిన మందే లయను చంపింది. ఆ తర్వాత డ్రోనెడరోన్ అనే మరో లయ మందు విషయంలోనూ మరణాలు పెరిగాయి. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 627 మందితో మొదలైన అధ్యయనంలో మందు వాడినవారిలో 25 మంది, వాడనివారిలో 12 మంది మరణించడంతో ఆపేశారు. ఇప్పుడు గుండె వైఫల్యంలో లయ మందు అవసరమైతే ఎక్కువగా ఎమియోడరోన్ వాడతారు. అది మరణాలను పెంచకపోయినా తగ్గిస్తుందనీ చెప్పలేం. పైగా రక్తంలో డిజాక్సిన్‌ను దాదాపు రెట్టింపు చేస్తుంది కనుక, రెండూ ఇచ్చేటప్పుడు డిజాక్సిన్ సగానికి తగ్గించాలి.

గుండెను బలంగా కొట్టించే మిల్‌రినోన్ బిళ్లల రూపంలో ఇచ్చినప్పుడు కూడా 1991లో 1,088 మంది రోగుల అధ్యయనంలో మరణాలు 28 శాతం పెరిగాయి. అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడిచినట్టయింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ బీటా నిరోధకాలది. ఇవి గుండెను నెమ్మదింపజేస్తాయి, సంకోచ బలాన్ని తాత్కాలికంగా తగ్గిస్తాయి. అందుకని గుండె వైఫల్యంలో ఇవ్వకూడదని పాఠ్యపుస్తకాల్లో రాసి ఉండేది. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు ఏడుగురు రోగులకు ఇచ్చి మేలు కనిపించిందని రాస్తే చాలామంది నమ్మలేదు. 1999లో రెండు పెద్ద అధ్యయనాలు, ఒకటి బైసోప్రొలాల్‌తో, ఇంకొకటి మెటోప్రొలాల్‌తో, మరణాలు 34 శాతం తగ్గాయని చూపించాయి. హఠాన్మరణాలు కూడా తగ్గాయి. ఎడ్రినలిన్ కొరడా దెబ్బ ఆగడమే దీనికి ముఖ్య కారణం. అలాగని వీటికి లయ దుష్ఫలితం లేదనుకోకండి. నాడి మరీ నెమ్మదించవచ్చు, కణుపు దగ్గర అడ్డు ఏర్పడవచ్చు. అందుకే కార్వెడిలాల్‌ను 3.125 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారాల తరబడి మెల్లగా పెంచుతూ 25కు తీసుకువెళతారు. నాడి 50 కన్నా తగ్గి కళ్లు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పాలి. హఠాత్తుగా ఆపేయడం మాత్రం ఇంకా ప్రమాదం.

గుండె మందులే కాదు, వేరే జబ్బుకు వేరే డాక్టరు రాసిన మందు కూడా లయను తాకవచ్చు. కణం విశ్రాంతి స్థితికి రావడానికి పట్టే కాలాన్ని ఇ.సి.జి.లో క్యు.టి. విరామం చూపిస్తుంది. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు దీన్ని పొడిగిస్తాయి. గుండె వైఫల్యంలో ఇది ముందే పొడవుగా ఉంటుందని పైన చూశాం. దానికి పొటాషియం లోటు కూడా తోడైతే, ఫ్రెంచి వైద్యుడు డెసెర్టెన్ 1966లో వర్ణించిన, మెలితిరిగిన తాడులా కనిపించే ప్రమాదకరమైన లయ రావచ్చు. జలుబుకనో, దగ్గుకనో మందుల షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు మనకు ఎక్కువ. గుండె మందులు వాడే మనిషి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత చీటీలన్నీ తీసుకువెళ్లాలి.

ఇదంతా ఒక ఇంట్లో ఎలా కలుస్తుందో చూద్దాం. మే నెల అనుకోండి. తాతగారికి రెండు రోజులుగా విరేచనాలు. నీరు పోయి మూత్రపిండాలకు రక్తం తగ్గింది. స్పైరనోలాక్టోన్, ఎసిఇ నిరోధకం యథాప్రకారం వేసుకుంటున్నారు. నీరసానికి మంచిదని రోజుకు మూడు కొబ్బరి బొండాలు తాగించారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. గుండెకు ఉప్పు మంచిది కాదని కూరల్లో 'లో సోడియం' ఉప్పు వేస్తున్నారు. అందులో సోడియం క్లోరైడుకు బదులు కొంత భాగం పొటాషియం క్లోరైడు ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరూ తప్పు చేయలేదు, అందరూ ప్రేమతోనే చేశారు. అయినా మూడో రోజు ఆయన నాడి 40కి పడిపోయి కూలబడవచ్చు. ఇదే మనిషి స్పైరనోలాక్టోన్ కాక డిజాక్సిన్, ఫ్యూరోసెమైడ్ వాడుతూ ఉంటే, అవే విరేచనాలు పొటాషియంను పోగొట్టి ఇంకో రకం లయ తప్పును తెస్తాయి. అందుకే వాంతులు, విరేచనాలు మొదలైన రోజునే డాక్టరుకు ఫోన్ చేసి ఏ బిళ్ల ఆపాలో, ఏది ఆపకూడదో అడగాలి. మనంతట మనం అన్నీ ఆపేయడం కూడా తప్పే. ఆ బిళ్లలే ఆయన్ను ఇన్నాళ్లూ నిలబెట్టాయి.

మీరు నాడి చూడటం నేర్చుకోండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు లోపలి వైపు మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చిస్తే సరిపోదు, మధ్యలో తప్పిన స్పందనలు అందులో దొరకవు. లెక్కను తేదీతో సహా చిన్న పుస్తకంలో రాసి పెట్టండి. నాడి అస్తవ్యస్తంగా ఉన్నా, ఆహారం సహించక వికారంగా ఉందన్నా, దీపాల చుట్టూ పచ్చటి వలయాలు కనిపిస్తున్నాయన్నా, ఆ పుస్తకంతో సహా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయండి.

మందు వల్ల చెడు జరిగిందని అనుమానం వస్తే దాన్ని నమోదు చేసే వ్యవస్థ మన దేశంలో 2010 నుంచి ఉంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీనికి జాతీయ కేంద్రం. డాక్టర్లే కాదు, రోగి గానీ బంధువులు గానీ 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు. మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నారు, తోడుగా ఏ మందులు వాడారు, ఏమి జరిగింది అన్నవి అడుగుతారు. మందుల డబ్బా దగ్గర పెట్టుకుని మాట్లాడితే జవాబులు తేలిగ్గా దొరుకుతాయి.